బీరువాలో కింది అర

డిసెంబరు ఇరవైనాలుగు, రాత్రి పదిన్నర.
ఏడు రోడ్ల జంక్షన్ దాటుతున్న సాల్మన్ ఆటోలో
నేనూ, నలభై దుప్పట్లూ.
చోటు నాకే తక్కువ.

స్త్రీల సమాజం తరఫున చందాలు రాసింది నేనే.
పేరు వద్దంటూ ఒకరు ఐదొందలు,
పేరు పెద్దక్షరాల్లో వెయ్యమంటూ ఒకరు యాభై.
నరసన్నపేటలో బేరమాడితే
దుప్పటి నూటపదికి వచ్చింది.
ఉతికితే సగమైపోతుందమ్మా అని
కొట్టువాడే చెప్పాడు, నిజాయితీపరుడు.

నాగావళి మీంచి గాలి
పాత వంతెన పక్కన పడుకున్నవాళ్లని
ఒక్కొక్కర్నీ తడిమి లెక్కపెడుతోంది.
మేమూ లెక్కపెట్టాం,
టార్చి ముఖాల మీద పడకుండా పాదాల మీద వేసి.
కొన్ని పాదాలు అప్పటికే కప్పుకుని ఉన్నాయి.
మాకంటే ముందు బట్టల షాపువాళ్లు వచ్చెళ్లారట,
వాళ్లకంటే ముందు ఇంకెవరో, బ్యానరుతో.

కాంప్లెక్స్ దగ్గర మూసిన టిఫిన్ బండి చాటున
గున్నమ్మ కూర్చునే ఉంది.
ఒళ్లో రెండు దుప్పట్లు, కవరు చింపనివి.
నేను మూడోది చాపాను.

"మూడు దుప్పట్లు ఒక్క ముసిల్దాయి ఏటి సేసుకుంతాది తల్లీ?
ఇయాల అందరూ ఒచ్చినారు.
మాగమాసం సలికి మంటే వణుకుతాది,
అప్పుడు ఎవులూ రారు.
పోయినేడు సంచీలో ఎట్టుకుని అన్నం కాడికెల్తే
తిరిగొచ్చీసరికి సంచీ నేదు.
ఇంకోపాలి సెత్త బండోలు సెత్తనుకుని ఎత్తుకుపోనారు.
నాకు దుప్పటి ఉంది.
దుప్పటి ఎట్టుకోడానికి జాగా నేదు.
మీ ఇంట్లో దాస్తావేటి?"

సాల్మన్ ఇంజను ఆపేశాడు.
ఫొటో తియ్యడానికి ఫోను ఎత్తిన ఏస్తేరు కొడుకు
మెల్లిగా జేబులో పెట్టేసుకున్నాడు.
ఇచ్చే చేతుల్లో తిరిగి ఏదైనా పెడితే
ఎలా నిలబడాలో మాకెవరికీ తెలీదు.

సత్రం తలుపు మూసినవాడి వేషం
మా సండేస్కూలు నాటకంలో ఏ పిల్లడూ కట్టనంటాడు.
ప్రతి ఏడూ బతిమాలి, చాక్లెట్లిచ్చి ఒప్పిస్తాం.
ఆ రాత్రి ఎవరూ బతిమాలకుండానే
ఆ వేషంలో నేను ఇంటికొచ్చాను:
దుప్పట్లు లోపల,
మనిషి బయట.

బీరువా కింది అర ఖాళీ చేశాను.
దారిలో ఇంకొందరు అదే అడిగారు, మొత్తం పదకొండయ్యాయి.
కుట్టుపని చేసే చెయ్యి కదా, గుర్తులు కుట్టాను.
గున్నమ్మ ఎర్రదారంతో చేప కుట్టమంది,
ఒకప్పుడు భావనపాడులో చేపలు ఎండబెట్టేదట.
వడ్రంగి దండాసికి రంపం,
అది దువ్వెనలా వచ్చింది, ఏమీ అనలేదు.
పేరు చెప్పని ఒకతని దుప్పటికి
ఏం కుట్టాలో తెలీక
మూల ముడి వేసి ఉంచాను.

ఫిబ్రవరిలో వచ్చి గున్నమ్మ ఒకటి పట్టుకెళ్లింది.
వేసవికి ముందు ఉతికి, మడతపెట్టి తెచ్చింది.
కొట్టువాడి మాట నిజం, సగమే మిగిలింది.
తర్వాత దండాసి ఆధార్ కార్డు దాచమన్నాడు.
ఇంకొకామె ఒక పిల్ల ఫొటో ఇచ్చింది,
ఎవరని నేనడగలేదు.
"ఇల్లా, స్టేషన్‌లో సామాన్ల గదా?" అని మా ఆయన.
అంటూనే నాఫ్తలీన్ ఉండలు కొనుక్కొచ్చాడు.

మళ్లీ డిసెంబరు.
చందాల పుస్తకం నా ముందుకు జరిపారు.
ఈసారి దుప్పట్లొద్దన్నాను.
మరేం కొందాం?
బీరువాలు, అన్నాను.
అందరూ నవ్వారు, టీ తెచ్చిన అబ్బాయి కూడా.
నేను పుస్తకంలో గీత కొట్టి రాసి పెట్టాను.

ముడి ఉన్న దుప్పటి ఇంకా అలాగే ఉంది.
నిన్న సాయంత్రం తలుపు చప్పుడైతే
చేతిలోకి తీసుకునే వెళ్లాను.
కరెంటు బిల్లు కుర్రాడు.
"ఎవరికండీ?" అన్నాడు, దుప్పటి చూసి.
నీక్కాదు బాబూ, అని
గుమ్మంలో కాసేపు అలాగే నిలబడ్డాను.
చలిగానే ఉంది.